మన ముఖాలకు మెత్తని వెలుగు



బయట గోడకు పెట్టిన పిల్లల ఫోటోలు ఎక్కడ తీయించారని చాలామంది అడిగారు. హాస్టల్ స్టడీ రూములోనే, సెల్‌ఫోన్‌తో తీశాం. మేము ఫోటోగ్రాఫర్లం కాదు. బీఎడ్ చదివి, పిల్లల్ని చూసుకునే పనిలోకి వచ్చినవాళ్లం. అయినా ఈ పని నేర్చుకోవలసి వచ్చింది. ఎందుకో ముందు చెబుతాం.

ఒక ఏడాది అడ్మిషన్లప్పుడు పిల్లలందరికీ పాస్‌పోర్టు ఫోటోలు తీయించాం. దోర్నాల వైపు గూడెం నుంచి వచ్చిన ఒక తల్లి ఆ ఫోటో చూసి, "ఈ పాప ఎవురమ్మా?" అంది. ఆమె కూతురే. ముఖం పిండి పూసినట్టు తెల్లగా ఉంది. ఆ పిల్ల కార్డు లాక్కుని వెనక దాచుకుంది. తీసిన అబ్బాయిని అడిగితే, "అందరూ తెల్లగా చేయమనే అంటారు మేడమ్" అన్నాడు. అతన్ని ఏమనగలం? "కొంచెం తెల్లగా రానియ్యి బాబూ" అని మేమూ ఎన్నిసార్లు అన్నామో మాకు తెలుసు.

మన ముఖాలకు కెమెరాతో ఈ ఇబ్బంది కొత్తది కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాలు, తెగల గురించి 7 సంపుటాలు వేశారు. అందులో చాలా బొమ్మల కింద కులం పేరో, తెగ పేరో ఉంటుంది, మనిషి పేరు ఉండదు. నల్లమల చెంచుల మధ్య ఉండి హైమన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1943లో వచ్చింది. ఆయన తీసిన ఫోటోలు నేడు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. ఫిల్ము రోజుల్లో ల్యాబులు రంగు సరిచూసుకునే కొడాక్ కార్డు మీద తెల్లజాతి అమ్మాయి బొమ్మే ఉండేది. దాన్ని షర్లీ కార్డు అనేవారు. అంటే కొలత వాళ్ల ముఖానిది, ఫోటో మనది.

ఇక వెలుగు సంగతి. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడితే కళ్ల కింద, ముక్కు కింద నీడ కత్తితో గీసినట్టు పడుతుంది. మబ్బు పట్టిన రోజు ఆ గీత కరిగిపోతుంది. వెలుగు చిన్న చోటు నుంచి వస్తే నీడ గట్టిగా, పెద్ద చోటు నుంచి వస్తే మెత్తగా పడుతుంది. స్టూడియోలో వాడే సాఫ్ట్‌బాక్స్ చేసేది ఇదే. లోపల వెండి రంగు పూత, ముందు తెల్లని గుడ్డ, మధ్యలో లైటు. చిన్న లైటును పెద్ద కిటికీగా మారుస్తుంది.

మేము రెండడుగుల అట్టపెట్టె తీసుకుని, లోపల అల్యూమినియం రేకు కాగితం అంటించి, రెండు ఎల్‌ఈడీ బల్బులు పెట్టి, ముందు పలచని తెల్లగుడ్డ కట్టాం. పాతకాలం ఫిలమెంట్ బల్బు, హాలోజెన్ మాత్రం పెట్టొద్దు. వేడికి అట్ట అంటుకుంటుంది.

పెట్టెను పిల్లకు ఒక పక్కగా, కంటి కన్నా కాస్త ఎత్తులో, రెండు మూడు అడుగుల దూరంలో ఉంచాలి. దూరం జరిపితే పెట్టె చిన్నదైనట్టే, నీడ గట్టిపడుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. రెండో పక్క తెల్లని థర్మోకోల్ షీటు నిలబెడితే నీడలోకి కాస్త వెలుగు తిరిగి వస్తుంది. మిగతా ట్యూబులైట్లు ఆర్పేయాలి, లేకపోతే ఒక చెంప ఒక రంగు, ఇంకో చెంప ఇంకో రంగు.

ఇంకో సంగతి. కెమెరా తన ముందున్నదంతా ఓ మోస్తరు బూడిద రంగే అనుకుని వెలుగు లెక్కేస్తుంది. తెల్లగోడ ముందు కూర్చోబెడితే వెలుగు తగ్గించేస్తుంది, మన పిల్ల ముఖం బొగ్గయిపోతుంది. నల్లగుడ్డ కడితే వెలుగు పెంచుతుంది, పైగా జుట్టు అందులో కలిసిపోతుంది. అందుకే మన మార్కాపురం పలక రంగు దుప్పటి కట్టాం. ఫోన్ తెర మీద ముఖాన్నే తాకి వెలుగు సరిచేశాం. బ్యూటీ మోడ్ తీసేశాం. నల్లని చర్మం మీద పెద్ద మెత్తని వెలుగు పడితే చెంప ఎముక మీద, నుదుటి మీద ఒక నిగనిగ వస్తుంది. అది మన ముఖానికి ఉన్న అందం. పిండి పూస్తే మొదట పోయేది అదే.

ఫోన్ పిల్ల కంటి ఎత్తులోనే పట్టాలి, పైనుంచి కిందికి చూడకూడదు. తీసే ముందు అడగాలి. వద్దంటే వద్దు. తీశాక ముందు ఆ పిల్లకే చూపించాలి.

ఆ కార్డు దాచుకున్న పిల్లకు మళ్లీ తీశాం. చాలాసేపు చూసుకుని, "మా జేజి లాగా ఉన్నా మేడమ్" అంది. ఆ ఫోటో ఇప్పుడు వాళ్ల ఇంట్లో ఉంది. బయట గోడ మీద లేదు, ఆ పిల్ల వద్దంది కాబట్టి.

అట్టపెట్టె మా దగ్గరే ఉంది. గిద్దలూరు, యర్రగొండపాలెం హాస్టళ్ల వాళ్లు ఎవరైనా రండి, చేసి చూపిస్తాం. గూడేల్లో పెద్దవాళ్లున్నారు. ఒక్క ఫోటో కూడా లేకుండా వెళ్లిపోతున్నారు. వాళ్లవి తీద్దాం, కింద వాళ్ల పేరు రాద్దాం.