వైశాఖమున గాలివాన



తుపాను అనగానే మనకు ఆశ్వయుజ కార్తికములు జ్ఞప్తికి వచ్చును. దివిసీమను సముద్రము ముంచెత్తిన 1977 నవంబరు 19వ తేది కార్తికముననే పడినది. ఆ నెలలలో ఇంటికప్పు సవరించుకొనుటయు, పశువులను మెరకకు తోలుటయు మనకు అలవాటు. వైశాఖమున మాత్రము ఏమరియుందుము.

1979 మే నెలలో ఒంగోలు, నెల్లూరు సీమలను కొట్టిన తుపాను వందలకొలది ప్రాణములు తీసినది. 1990 మే 9న కృష్ణా ముఖమున తీరము దాటినది తొమ్మిదివందలకు పైగా జనమును పొట్టనబెట్టుకొన్నది. 2010 మే 20న ‘లైలా’ బాపట్ల చెంత తీరము చేరినది. మూడును వైశాఖములోనివే. (2010లో అధికవైశాఖము ముగిసి నిజవైశాఖము వచ్చిన వారమునకే!) సముద్రజలము బాగుగ వేడెక్కిననే గాని తుపాను బలియదు. ఆషాఢ శ్రావణములలో ఆ వేడి యున్నను, నైరుతి ఋతువునందు పైయెత్తున వీచు గాలులు దానిని చీల్చివేయును. కావున ఆ ఋతువునకు ముందును, వెనుకను సముద్రమునకు రెండు కాలములు కలవు. మొదటిది అరుదుగా వచ్చుటచే మనము దానిని లెక్కింపలేదు.

పొదిలికి సముద్రము దూరము గదా యందురేమో. మెట్టభూమికి వేరొక భయము కలదు. కాగిన నేలపైకి తేమగాలి చేరి, మధ్యాహ్నమునకు మేఘము కొండవలె పెరుగును. అందుండి చల్లని గాలి ఒక్కుమ్మడిగా క్రిందికి పడి, వానకంటె ముందే నలుదెసల పరచుకొనును. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వేలకొలది వృక్షములు స్వల్పకాలములో కూలినవి. అది సుడిగాలియో, మేఘమునుండి విరుచుకొనిపడిన గాలియో కానిండు. అంతటి మ్రాకులే నిలువలేదు.

కడకోత మిరపకాయ కల్లములో ఎండుచుండును. ఏటి అప్పు తీరుట దానిమీదనే. కావున ఉరుము వినబడగానే రైతు పరదాపట్టలతో కల్లమునకు పరుగిడును. పిడుగు పడునదియు ఆ వేళనే. నేను బడిలో కార్తెలు వల్లెవేయించినవాడను, వానిని విడువుడని చెప్పను. కాని వాతావరణశాఖవారి హెచ్చరిక వినుడు; ఆకాశము తెల్లగా నున్నపుడే రాశి కప్పించుడు. ఎండగాలి చప్పున ఆగి, తడిమన్ను వాసనతో చలిగాలి తగిలెనా, ఇక వ్యవధి లేదు. తాలుకాయలు ఏరు కూలి స్త్రీలను చెట్టుక్రిందికి పోనీయక, గట్టి గోడల ఇంటికి పంపుడు. కడపటి ఉరుము వినబడిన పిదప అరగంట గడచువరకు వారిని కల్లమునకు మరల పిలువకుడు.