జ్ఞానోపదేశం తరువాతి పీరియడ్



ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల మధ్యే బతుకంతా గడిపిన ఒక పంతులమ్మ స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటయింది. కతోలిక బడిలో విశ్వాసం, విద్య అన్న విషయం మీద మాట్లాడమన్నారు. దాన్ని కొంచెం కుదించుకుంటాను. మన బడుల్లో కతోలిక పిల్లలు జ్ఞానోపదేశానికి వెళ్తారు. అదే సమయంలో మిగతా పిల్లలు నీతిబోధ క్లాసులో కూర్చుంటారు. గంట కొట్టగానే అందరూ ఒకే గదిలోకి వస్తారు, ఒకే బెంచీ మీద సర్దుకుంటారు. తరువాతి పీరియడ్ చరిత్రో, సైన్సో అవుతుంది. నేను మాట్లాడదలచింది ఆ పీరియడ్ గురించి. అది ఏ రకం బడో తేలేది అక్కడే.

చిన్న తరగతుల పిల్లలు చెప్పింది వల్లిస్తారు. పదో తరగతి వాళ్ళకు పబ్లిక్ పరీక్ష భయం. నడుమనున్న పదకొండు, పన్నెండు, పదమూడేళ్ళ వాళ్ళు మాత్రం చెయ్యెత్తి ‘ఎందుకు’ అని అడుగుతారు. మాటలో మొహమాటం ఇంకా రాలేదు, చెప్పిందల్లా నమ్మే వయసు దాటిపోయింది. దేవుణ్ణి గురించి మనిషి వేసుకునే పెద్ద ప్రశ్నలన్నీ మొదటిసారి పైకి వినబడేది ఈ మూడేళ్ళలోనే. అప్పుడు టీచరు మొహం ఎలా పెట్టిందో పిల్లలు జీవితాంతం గుర్తుంచుకుంటారు.

దేవనహళ్ళిలో నిలబడి ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. 1702లో బూషే, మోద్వీ అనే ఇద్దరు ఫ్రెంచి యేసుసభ గురువులు బెంగళూరులో, దేవనహళ్ళిలో, చిక్కబళ్ళాపురంలో ప్రార్థనాలయాలు ఏర్పరచి తెలుగు మిషను ఒకటి నెలకొల్పారని మైసూరు గెజెటీరు చెబుతుంది. కన్నడ సీమలో తెలుగు మిషను ఏమిటని ఈ ఊరి వాళ్ళెవరూ ఆశ్చర్యపోరు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఒకే మాటలో రెండూ కలిపి మాట్లాడడం ఇక్కడి నుంచి కోలారు దాకా ఎప్పటినుంచో ఉన్నదే. 1501లో ఇక్కడ మట్టికోట కట్టించిన ఆవతి మల్లబైరేగౌడ మొరసు ఒక్కలిగుల వాడు. ఆ జనంలో ఈ రోజుకీ తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి.

ఆ గురువులు వస్తూనే పలక పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. ఈ మిషను వాళ్ళు సన్యాసుల వేషం వేసుకుని, మాంసం మానేసి, తెలుగూ సంస్కృతమూ అక్షరాల నుంచి నేర్చుకున్నారు. వాళ్ళలో కల్మెట్ అనే ఆయన ఉత్తరాల్లో బళ్ళాపురం పేరు కనిపిస్తుంది. అది మనకు పొరుగూరు. 1730లలో ఆయన శ్రమపడి వేదాల తాళపత్ర ప్రతులు సంపాదించి పారిస్‌లోని రాజ గ్రంథాలయానికి చేర్చాడు. వాటిని ఖండించాలన్నది ఆయన ఉద్దేశం. అయినా ఖండించడానికి ముందు చదవాలన్న పట్టుదల ఆయనకుంది. తరువాత తెలుగు సీమలోని కృష్ణాపురంలో పనిచేసిన గస్తోన్ కూర్దూ తెలుగు, సంస్కృత, ఫ్రెంచి నిఘంటువు కూర్చాడు. లాటిన్, గ్రీకు భాషలతో సంస్కృతానికి అన్ని పదాలు ఎలా కలుస్తున్నాయని 1767లో పారిస్ పండితులకు ప్రశ్న రాసి పంపాడు. విలియం జోన్స్ కలకత్తాలో అదే మాట చెప్పడానికి ఇంకా పందొమ్మిదేళ్ళ వ్యవధి ఉంది. కూర్దూ రాసింది మాత్రం 1808 దాకా అచ్చు కాలేదు.

మతం చెప్పడానికి వచ్చినవాడు విద్యార్థి అయ్యాడు. మన బడికి నేను వెతుక్కునే మూలపురుషుడు ఇతడే. ఆ చరిత్రలో మచ్చ లేదని అనను. అదే కూర్దూ 1742లో బట్టల మీద రంగుల అద్దకం ఎలా చేస్తారో పూసగుచ్చినట్టు యూరపుకు రాశాడు. ఆ పని ఆయనకు చెప్పింది ఆయన దగ్గర జ్ఞానస్నానం పొందిన అద్దకం పనివాళ్ళే. ఆ విద్య సముద్రం దాటి అక్కడి అచ్చు బట్టల వ్యాపారానికి ఉపయోగపడింది. చెప్పిన చేతులకు ఏమి దక్కిందో ఏ ఉత్తరంలోనూ లేదు. ఇంకా బాధ కలిగించేది కులం సంగతి. పెద్ద కులాలు దూరమవుతాయని ఆ సన్యాసి గురువులు దళిత విశ్వాసులను విడిగా ఉంచే పద్ధతికి ఒప్పుకున్నారు. ఆ ఆచారాల మీద రోము దాకా వాదాలు నడిచి, 1744లో పదునాల్గవ బెనెడిక్ట్ పోపు తీర్పు చెప్పారు. ఆ గురువులది గుడిలో గోడ కట్టిన విశ్వాసం. ఇవాళ మన తరగతిలో అందరూ ఒకే బెంచీ మీద కూర్చోవడం మామూలు సంగతిలా కనిపిస్తుంది గానీ, జ్ఞానోపదేశ పుస్తకంలో ఉన్న ఏ పాఠానికీ అది తీసిపోదు.

ఇక చరిత్ర పీరియడ్‌కు వస్తాను. దేవనహళ్ళి బడిలో ఈ పీరియడ్ మరెక్కడా లేనంత బరువైనది. కోట దగ్గర చిన్న మంటపం ఉంది, టిప్పు సుల్తాన్ పుట్టిన చోటు అని రాసి ఉంటుంది. పిల్లలు సైకిళ్ళ మీద దాని పక్కనుంచే వస్తారు. టిప్పు పాఠం వచ్చిన రోజు క్లాసులో ముస్లిం పిల్లవాడు ఉంటాడు, వాడికి టిప్పు ఇంటి పెద్ద లాంటివాడు. మంగళూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కతోలిక కుటుంబం పిల్ల ఉంటుంది. 1784 ఫిబ్రవరిలో, విభూది బుధవారం నాడు, కెనరా తీరంలోని కతోలికులను వేల సంఖ్యలో పట్టుకుని కనుమల మీదుగా శ్రీరంగపట్నం నడిపించిన కథ ఆ పిల్ల నాయనమ్మ దగ్గర విని ఉంటుంది. ఎంతోమంది దారిలోనే చనిపోయారు, ఎంతోమందిని మతం మార్చారు. వాళ్ళ పక్కనే ఏ కథా లేని తెలుగు పిల్లవాడు ఉంటాడు. వాడే చెయ్యెత్తుతాడు: ‘టిప్పు మంచివాడా, చెడ్డవాడా?’

రెండు జవాబులు తేలికగా నోటికి వస్తాయి. ‘పుస్తకంలో ఉన్నది రాసుకోండి’ అనేది ఒకటి. మన వాళ్ళకు జరిగింది కాబట్టి చెడ్డవాడనేది రెండోది. కతోలిక టీచరు నోట రెండూ రాకూడదు. 1784 నిజం, దాన్ని చెప్పాలి, గొంతు తగ్గించకుండా చెప్పాలి. 1791లో మరాఠా సేన శృంగేరి మఠాన్ని దోచినప్పుడు టిప్పు ఆ మఠానికి డబ్బు పంపి, విగ్రహాన్ని తిరిగి ప్రతిష్ఠించమని రాసిన కన్నడ ఉత్తరాలూ నిజమే. అవి 1916లో మఠంలోనే దొరికాయి. పట్టు పరిశ్రమను తెచ్చినవాడు, ఇనుప గొట్టాల తారాజువ్వలతో ఇంగ్లీషు సేనను బెదరగొట్టినవాడు, 1799లో శ్రీరంగపట్నం కోట గోడ దగ్గర పోరాడుతూ పోయినవాడు కూడా ఆయనే. ఇవన్నీ ఒక్క మనిషిలో ఉన్నాయని పన్నెండేళ్ళ పిల్లకు చెప్పడం తేలిక కాదు. తేలిక కాదు కాబట్టే దానికి విశ్వాసం కావాలి. మనిషిని దేవుడు పూర్తిగా చూస్తాడని పక్క గదిలో నేర్పి, ఈ గదిలో సగం మనిషిని చూపిస్తే పిల్లలు మొదటి పాఠాన్ని కూడా నమ్మరు.

ఆ నాయనమ్మ కథను కొట్టిపారేయకూడదు. అది ఆ ఇంటి దుఃఖం. దాన్ని పక్క పిల్లవాడి మీద తూటాగా మారనివ్వకూడదు. ఈ రెంటి మధ్య టీచరుకు దొరికే దారి ఇరుకైనది. నా వరకు, కాగితాల దగ్గరికి తీసుకువెళ్ళడం ఒక్కటే పనిచేస్తుందని అనుకుంటాను. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరికి రాశారు అని పిల్లల చేతనే అడిగించాలి. టిప్పు పడిపోయాక ఈ సీమలో చెదిరిన విశ్వాసులను కూడగట్టడానికి వచ్చిన అబ్బె దుబువా గురించి కూడా అదే పద్ధతిలో చెప్పాలి. మశూచికి టీకాలు వేయించడంలో ముందు నిలిచాడు, 1803-04లో ఆయన పూనికతో 25 వేల పైచిలుకు మందికి టీకాలు పడ్డాయి. హిందువుల ఆచారాల మీద ఆయన పేరుతో ప్రసిద్ధమైన పుస్తకంలో చాలా భాగం కూర్దూ రాతప్రతి నుంచి తీసుకున్నదని తరువాతి పరిశోధకులు తేల్చారు. కాపీ కొట్టవద్దని పిల్లలకు చెప్పే మనం, మన స్వాములవారి గురించి ఈ సంగతి దాచితే ఎట్లా?

సైన్సు పీరియడ్ గురించి ఎక్కువ చెప్పను, అక్కడ మనకు చేతిలో మంచి దీపాలున్నాయి. బఠానీ మొక్కల లెక్కలతో వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ మఠవాసి. విశ్వం విస్తరిస్తున్నదని 1927లో గణితంతో చూపిన జార్జ్ లెమేత్ర్ కతోలిక గురువు. 1951లో పన్నెండవ పయస్ పోపు ఆ సిద్ధాంతంలో సృష్టికి సాక్ష్యం చూస్తూ ప్రసంగించినప్పుడు, సైన్సును అలా దేవుడికి రుజువుగా వాడడం లెమేత్ర్‌కు నచ్చలేదు. తన లెక్కను తన ప్రార్థనకు ఊతకర్రగా చేసుకోలేదాయన. వీళ్ళను చెప్పిన నోటితోనే 1633లో గెలీలియోకు వేసిన శిక్షనూ చెప్పాలి. ఆ తప్పును 1992లో రెండవ జాన్ పాల్ పోపు ఒప్పుకున్నారు. ముందు రెండు పేర్లు చెప్పి మూడోది మింగేసే క్లాసులు ఉన్నాయి, అవి పిల్లలకు అన్యాయం చేస్తున్నాయి.

ఇప్పుడు మన బెంచీలో ఎక్కువమంది గురించి. ఇక్కడి కతోలిక బడుల్లో కతోలిక పిల్లలు తక్కువ. మిగతావాళ్ళు ఇంగ్లీషు కోసం, క్రమశిక్షణ కోసం, అమ్మగార్ల మీద నమ్మకంతో వస్తారు. రాజ్యాంగం 30వ అధికరణం మనకు బడి పెట్టుకుని నడుపుకునే హక్కిచ్చింది. దాన్ని మనం నోరారా చెప్పుకుంటాం. 28వ అధికరణంలోని మూడో భాగాన్ని అంత గట్టిగా చెప్పుకోం. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో, మైనరు పిల్లలనైతే పెద్దల అనుమతి లేకుండా, మతబోధకు గానీ ప్రార్థనకు గానీ కూర్చోబెట్టకూడదని అది చెబుతుంది. ఈ రెండూ ఒకే చేతి రాత. అడ్మిషను ఫారం అడుగున చిన్న అక్షరాల్లో సంతకం తీసుకోవడం నా దృష్టిలో అనుమతి కాదు. తల్లినో తండ్రినో కూర్చోబెట్టి, వాళ్ళ భాషలో, ఇక్కడ ఏ క్లాసులో ఏమి చెబుతామో వివరించి అడగాలి.

కేరళలో ముగ్గురు పిల్లలు తమ విశ్వాసం కారణంగా జాతీయ గీతం పాడలేదని బడి నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి బడిలో చేర్చుకోమంది. గీతం పాడుతున్నప్పుడు ఆ పిల్లలు మర్యాదగా లేచి నిలబడ్డారు. ఆ తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి గారు. ఆ పిల్లలు కతోలికులు కారు, యెహోవా సాక్షులు. అయినా ఆ తీర్పు మన స్టాఫ్‌రూములో ఉండాలని కోరతాను. అసెంబ్లీలో మన ప్రార్థన జరిగేటప్పుడు చేతులు జోడించని పిల్లవాడు మర్యాదగా నిలబడి ఉంటే, వాడు ఏ తప్పూ చేయడం లేదు. వాణ్ణి పేరు పెట్టి పిలవడం, డైరీలో రాయడం మానాలి. విశ్వాసం స్వేచ్ఛగా రావలసినదని రెండవ వాటికన్ మహాసభ చెప్పింది. అదే సభ 1965లో విద్య గురించి చేసిన ప్రకటనలో పిల్లలకు తొలి గురువులు తల్లిదండ్రులేనని గుర్తు చేసింది.

ఆ తొలి గురువులలో చాలామంది రాయలసీమ నుంచి వచ్చి విమానాశ్రయం చుట్టూ కట్టడాల పనుల్లో ఉన్నవాళ్ళు, ఇక్కడే ద్రాక్ష, చకోత తోటలున్న రైతులు. 2008లో విమానాశ్రయం తెరిచాక ఈ తాలూకాలో భూమి మాట లేని ఇల్లు లేదు. చన్నరాయపట్న హోబళి రైతులు 1,777 ఎకరాల సేకరణకు ఎదురు నిలిచి ఏళ్ళ తరబడి ధర్నా చేశారు. 2025 జులైలో ప్రభుత్వం ఆ సేకరణను విరమించుకుంది. ధర్నాలో కూర్చున్న తల్లి కూతురు సాంఘికశాస్త్రం క్లాసులో ‘భూమి ఎవరిది మిస్?’ అని అడిగితే, సిలబస్‌లో లేదనడం ఎంతమాత్రం తగదు. భూమి దేవుడిదని కీర్తనలు పాడే బడికి ఆ ప్రశ్న కొత్త కాకూడదు.

నిర్వాహకులకు ఒక విన్నపం. ఆ పంతులమ్మ పేరిట ఉన్న స్మారకనిధి వడ్డీతో ఏటా ఒక ఉపన్యాసం జరపాలని అనుకున్నారు. ఒక ఏడాది ఉపన్యాసం, మరుసటి ఏడాది పిల్లల పని అని మార్చుకోవచ్చు. ఏడో తరగతి పిల్లలను, ఏ మతం వాళ్ళనైనా, చిన్న జట్లుగా చేయండి. ఇంట్లో అవ్వా తాతలు చెప్పే ప్రార్థనలు, కథలు, ఊరి సంగతులు ఏ భాషలో ఉంటే ఆ భాషలో రాసుకురమ్మనండి. అందులో తెలుగు ఎక్కువే వస్తుంది, కన్నడం, ఉర్దూ, కొంకణి కూడా వస్తాయి. వాటిని నోటు పుస్తకంగా కుట్టించి గ్రంథాలయంలో పెట్టండి. పిల్లలను కోట దగ్గరికి తీసుకువెళ్ళి టిప్పు మంటపం దగ్గర ఒక పూట కూర్చోబెట్టి, ఎవరెవరు ఏమి విన్నారో ఒకరికొకరు చెప్పుకోనివ్వండి. టీచరు ఆ పూట రాసుకుంటే చాలు. దీనికయ్యే ఖర్చు బస్సు బాడుగ, కాగితం, పిల్లలకు భోజనం. రాబోయే జూన్‌లో బడి తెరిచేలోగా ప్రధానోపాధ్యాయిని గారు సరేనంటే, మొదటి జట్టుతో నేను కూడా వస్తాను.