ఫసలీ 1435



ఏలూరు చుట్టుపక్కల ఏ రైతయినా తన పొలం అడంగల్ తీసి చూస్తే ఫసలీ అని ఒక సంఖ్య ఉంటుంది. 2025 జూలై 1న మొదలైన ఏడాదికి అది 1435. అదే రోజు మసీదులోని కేలండర్లో హిజ్రీ 1447. రెండూ ఒకే లెక్కలోంచి పుట్టినవే. మరి ఈ పన్నెండేళ్ల ఎడం ఎక్కడిది?

హిజ్రీ ఏడాదికి 354 రోజులు, ఒక్కోసారి 355. మన తెలుగు నెలలూ చాంద్రమాసాలే గానీ, మనకు అధికమాసం వచ్చి లెక్క సర్దేస్తుంది. హిజ్రీలో అది లేదు. ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతుంది. రంజాన్ ఎండల్లోనూ వస్తుంది, చలిలోనూ వస్తుంది. పండుగకు అది లోటు కాదు. శిస్తుకే చిక్కు. కొల్లేటి ఒడ్డున బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తీశాకే గదా దాళ్వా నాట్లు! చంద్రుణ్ణి చూసి శిస్తు అడిగితే 33 పంటలకు 34 శిస్తులు కట్టాలి. ఇది రైతుకు అన్యాయమని అక్బరు కొలువులో అబుల్ ఫజల్ రాశాడు. అలా పంటల లెక్కన నడిచే ఫసలీ వచ్చింది. ఫసల్ అంటే పంట. దక్కనులో షాజహాన్ కాలంలో, 1636లో, అప్పుడు నడుస్తున్న హిజ్రీ 1046నే తీసుకుని, అక్కణ్ణించి సూర్యుడి లెక్కన నడిపించారు.

1687లో గోల్కొండ పడిపోయింది. దాని కింది ఏలూరు సర్కారు సీమ మొగలులకు, నిజాముకు, 1766 ఒప్పందంతో ఈస్టిండియా కంపెనీకి చేతులు మారింది. 1855లో దొరలు ఏడాది ఆరంభాన్ని జూలై 1కి జరిపారు, ఫసలీని మాత్రం తీసేయలేదు. 1984లో కరణాల వ్యవస్థ పోయింది, ఫసలీ ఉండిపోయింది.

1636 నుంచి మనకు 389 పంటేళ్లు గడిస్తే చంద్రుడికి 401 గడిచాయి. పన్నెండు శిస్తుల తేడా! ఆ అంకె చూసినప్పుడల్లా నాకు రైతు ఇల్లే గుర్తొస్తుంది.

ఇప్పుడు ఆ చిక్కు అమ్మకాల అంకెలకు వచ్చింది. రంజాన్ పండుగ 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. ఒకే ఆర్థిక సంవత్సరంలో రెండు పండుగలు! రెండోది ఆఖరి రోజే పడింది. ప్రభుత్వ లావాదేవీలు చూసే బ్యాంకులు ఆ రోజూ తెరిచి ఉండాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. పండుగ ముందు బేరాలు ఒక ఏడు ఏప్రిల్లోకి పాకాయి, మరుసటి ఏడు మార్చిలోనే ముగిశాయి. ఏలూరులో బట్టల కొట్టుకైనా, తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టుకైనా మార్చిని మార్చితో పోల్చి వ్యాపారం పెరిగిందంటే పొరపాటే. పెరిగింది కాదు, పండుగ జరిగింది. ఇండోనేషియా, టర్కీ గణాంకవేత్తలు ఈ జరుగుబాటును తీసేసి చూస్తారు.

2030లో రంజాన్ నెల జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరోసారి మొదలవుతుంది. అప్పటి చిట్టాలో ఇంగ్లీషు తేదీ పక్కన హిజ్రీ తేదీ కూడా రాసి ఉంచండి.