ఆపత్కాలమున నగరమార్గములు



 విజ్ఞానశాస్త్రములను తెలుగున చర్చించు ఇట్టి సభలో అధ్యక్షపీఠమునుండి మాటాడువారు తమ శాస్త్రమున వెలువడిన నూతనాంశములనన్నింటిని ఒకమారు స్పృశించి విరమించుట పరిపాటియై యున్నను, నేడు నేను ఒక్క విషయమునే గ్రహించి, దానిని గూర్చియే కొంత నిదానముగా మనవి చేసికొనదలచితిని. నగరములోని వాహనసంచారమును క్రమపరచుటకై మనము నిర్మించు గణితనమూనాలు, అదే నగరమును ఆపత్సమయమున ఖాళీ చేయింపవలసి వచ్చినపుడు ఏల అక్కరకు రాకపోవుచున్నవి, వచ్చునట్లు చేయుటకు వానిలో ఏమి చేర్పవలసియున్నది అనునదియే ఆ విషయము. ఇచ్ఛాపురము మొదలు తడ వరకు సముద్రపుటంచున కాపురముండు తెలుగువారికి ఇది గ్రంథములకు పరిమితమైన ప్రశ్న కాదు.

ఈ శాస్త్రమునకు పునాది వేసినవారిలో లైట్‌హిల్, విథామ్ అను గణితవేత్తలు 1955 లో రాయల్ సొసైటీ పత్రికయందు జంటవ్యాసములు ప్రకటించిరి. మొదటిది దీర్ఘనదులలో వరద ఎట్లు కదలునో నిరూపించునది. రెండవది ఆ గణితమునే కిక్కిరిసిన రహదారులకు అన్వయించునది. భద్రాచలమున గోదావరి ఎన్ని అడుగులున్నదో విని, ధవళేశ్వరమునకు వరద ఎప్పటికి చేరునో లెక్క వేసికొను అలవాటు గల మనకు ఈ బాంధవ్యము సులభముగనే బోధపడును. అయితే వరదకెరటము నీటితోపాటు దిగువకే పోవును. రహదారిపై వాహనముల సాంద్రత ఒక హద్దును దాటినపిమ్మట, అడ్డంకి వాహనములు పోవు దిక్కునకు ఎదురుగా వెనుకకు ప్రాకును. 2008 లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగమొకటి దీనిని కన్నులకు కట్టించినది. 230 మీటర్ల చుట్టుకొలత గల వలయమార్గమున 22 కార్లను ఉంచి, అందరును గంటకు 30 కిలోమీటర్ల వేగమున సమముగా నడుపవలసినదని చోదకులకు చెప్పిరి. దారిలో దీపము లేదు, గుంట లేదు, మలుపునుండి వచ్చి కలియు బండి లేదు. అయినను కొంతసేపటికి ఒకచోట నాలుగైదు కార్లు గుమిగూడి నిలిచిపోయినవి. ముందున్న కారు విడివడగనే వెనుకనుండి మరియొకటి వచ్చి చేరుచుండ, ఆ గుంపు గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగమున వెనుకకు నడచినది. దీనినిబట్టి తేలునది యేమనగా, రోడ్డు తన గరిష్ఠప్రవాహమును మధ్యమసాంద్రతయందే ఇచ్చును. అంతకు మించి వాహనములను లోనికి నెట్టినచో అవతలికి వచ్చు వాహనముల సంఖ్య పెరుగుటకు మారుగా తగ్గును. ప్రాణభయముచేత అందరును ఒక్కపెట్టున బయలుదేరిన దినమున ఈ నియమము ఎంత నిర్దయమైనదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక కూడలిదీపముల సంగతి. 1958 లో బ్రిటిషు రోడ్డు పరిశోధనాలయమునకు చెందిన వెబ్‌స్టర్ ఇచ్చిన సూత్రము నేటికిని మన ఇంజనీర్లకు నిత్యపాఠము. దీపములు మారునపుడెల్ల ఎవరును కదలక వ్యర్థమగు కాలమును మొత్తముగా తీసికొని, దానిని ఒకటిన్నరచే గుణించి, అయిదు సెకండ్లు కలిపి, కూడలి శక్తిలో ఇంకను మిగిలియున్న భాగముచే భాగించినచో, దీపముల ఒక ఆవర్తమునకు తగిన కాలము వచ్చును. వ్యర్థమగునది 12 సెకండ్లు అనుకొందము. రాకపోకలు కూడలి శక్తిలో నూటికి 70 వంతులున్నపుడు ఆవర్తము 77 సెకండ్లగును. 90 వంతులైనపుడు 230 సెకండ్లు, అనగా దాదాపు నాలుగు నిమిషములగును. నూటికి నూరైనపుడు భాగహారము సున్నతో చేయవలసి వచ్చును. సూత్రమున దోషము లేదు. అది తన ఎల్లను తానే నిష్కపటముగా తెలుపుచున్నది. నిత్యజీవితమున మనము కోరునది సగటు మనిషి కూడలివద్ద నిలుచు కాలము తగ్గవలెనని. ఆపత్సమయమున కోరవలసినది, ఉప్పెన వచ్చులోపల చివరి మనిషి దాటిపోవలెనని. ఈ రెండు ఉద్దేశములు వేరు. కనుక మొదటిదానికై కూర్చిన దీపక్రమమును కొంచెము పొడిగించి రెండవదానికి వాడుట వ్యర్థప్రయాసము. కోవా, జాన్సన్ అను అమెరికా పరిశోధకులు 2003 లో ప్రతిపాదించిన పద్ధతి ఈ భేదమును గుర్తించినది. కూడలివద్ద ఒకరి దారిని మరియొకరు ఖండింపకుండ, కొన్ని మలుపులను ముందే మూసివేసి, ఒక్కొక్క వరుసను ఒక్కొక్క దిక్కునకు అంకితము చేసినచో, కొందరికి దారి దూరమైనను, దీపముల అవసరమే చాలవరకు తప్పిపోవును. హుద్‌హుద్ తుపానుచేత 2014 అక్టోబరున విశాఖపట్నమంతయు విద్యుత్తు లేక చీకటిలో మునిగిన సంగతి జ్ఞాపకమున్నవారికి, దీపముతో పనిలేని ఏర్పాటు ఎంత విలువగలదో తెలియును.

2005 సెప్టెంబరున అమెరికాలోని హ్యూస్టన్ నగరమున జరిగినది ఈ విషయమున పెద్ద పాఠము. మన తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడిన నగరమది. అప్పటికి మూడు వారములకు పూర్వమే కత్రినా తుపాను న్యూ ఆర్లియన్సును ముంచియుండుటచే, రీటా తుపాను మెక్సికో సింధుశాఖపై బలపడుచున్నదని వినగనే జనము భీతిల్లిరి. తీరముననున్నవారు ముందుగను, ఎగువవారు పిదపను కదలవలెనని అధికారులు మండలముల వరుస నిర్ణయించియే యుండిరి. కాని ఉప్పెన చేరజాలని ఎగువ పేటలవారు సహితము అదే వేళకు దారి పట్టుటచే, 25 లక్షలకు పైబడిన జనము ఒక్కమారుగా రహదారులపైకి వచ్చి పడెను. డల్లాసు నగరమునకు నాలుగు గంటలలో ముగియవలసిన ప్రయాణము ఒక దినమునకు మించి సాగినది. మండుటెండలో ఇంధనము నిండుకొని వాహనములు ఎక్కడివక్కడ నిలిచిపోయినవి. ఎదురుదిక్కు వరుసలను కూడ పోవువారికే విడిచిపెట్టు ఏర్పాటు ముందుగా సిద్ధముచేసి యుంచినది కాకపోవుటచే ఆలస్యముగా గాని అమలునకు రాలేదు. వృద్ధాశ్రమమునుండి రోగులను తరలించుచున్న బస్సు డల్లాసు సమీపమున అగ్నికి ఆహుతియై 23 మంది వృద్ధులు మరణించిరి. తరలిపోవుటలో ప్రాణములు కోల్పోయినవారి సంఖ్య తుపాను నేరుగ పొట్టన పెట్టుకొన్నవారి సంఖ్యను మించిపోయినది.

ఇందు రహదారి గణితము ఎక్కడను తప్పలేదు. ఉదాహరణకై పది లక్షల కార్లు, పది వరుసలు, వరుసకు గంటకు 1500 కార్లు అని తీసికొన్నను అరువది గంటలకు పైగా పట్టును; వరుసలు రెట్టింపు చేసినను ముప్పది గంటలకు తగ్గదు. కారునకు ఇద్దరు ముగ్గురు చొప్పున ఒక వరుస గంటలో నాలుగు వేలమందిని గూడ దాటింపజాలదు. ఆ వరుసలోనే గంటకు 300 బస్సులు 50 మందిచొప్పున నడచినచో 15 వేలమంది దాటుదురు. ఈ లెక్క కాగితముపై పది నిమిషములలో తేలునది. తేలనిది, ఎవరు ఎప్పుడు ఇల్లు విడుతురు, విడువవలసిన అవసరము లేనివారు ఎందరు విడుతురు అనునది. 1979 మార్చిలో అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్కేంద్రమున ప్రమాదము జరిగినపుడు, అయిదు మైళ్ళలోపలి గర్భవతులను, బడియీడు రాని పిల్లలను మాత్రమే వెళ్ళుమని గవర్నరు సలహా ఇచ్చెను. వెళ్ళినవారు లక్షా నలభై వేలకు మించిరి. ఆ తరువాతనే అణుకేంద్రముల చుట్టుపట్టు ప్రదేశము ఖాళీ యగుటకు పట్టు కాలమును లెక్కించి చూపవలెనను నిబంధన అమెరికాలో ఏర్పడినది. కంప్యూటరు నమూనాలును అందులకై పుట్టినవి. కత్రినా నాటి న్యూ ఆర్లియన్సు కథ ఈ అనవసరపు తరలింపునకు తలక్రిందులు. అచ్చట కార్లు గలవారు ముందుగా వేసికొన్న పథకము ననుసరించి చాలవరకు సురక్షితముగ వెళ్ళిపోయిరి. కార్లు లేనివారు ఆ పథకమున లేరు, నీటిలో మిగిలిపోయిరి. నా అభిప్రాయమున తరలింపు నమూనాకు ఇంతకంటె ఘోరమైన వైఫల్యము లేదు. లెక్కలోనికి రానివాడు రక్షణలోనికిని రాడు.

మన తీరమున ఈ సమస్య స్వరూపమే వేరు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టి సుమారు పదివేలమందిని బలిగొన్నది. 1990 మే నెలలో అంతటి భీకరమైన తుపానే కృష్ణాతీరమును తాకినను మృతుల సంఖ్య వేయికి లోబడినది. ఈ నడుమ ఉపగ్రహములు, రాడార్లు, తుపాను షెల్టర్లు వచ్చిన మాట నిజమే. కాని లక్షలాది జనమును లారీలలోను ఆర్టీసీ బస్సులలోను ఎక్కించి మెట్టకు చేర్చినవారు రెవిన్యూ సిబ్బంది, పోలీసులు, గ్రామసేవకులు. వారిని అడిగినచో తెలియును: దండోరా వేసినంతమాత్రమున ఇల్లు కదలదు. గేదెను విప్పక ఇల్లాలు రాదు. వలలను, పడవను విడిచి జాలరి రాడు. ముసలివారు ఇంటికి కాపలా యుందుమని కూర్చుందురు. వాన ఇంకను మొదలిడలేదుగదా యని అందరును ఆకాశము వంక చూతురు. బయలుదేరువారి సంఖ్యను కాలముతో పోల్చి గీచు వక్రరేఖను పాశ్చాత్యులు ప్రశ్నావళులద్వారా గీచిరి; మనకు ఆ రేఖ ఒక తహసీల్దారు అనుభవమున నిక్షిప్తమై యున్నది. దానిని అడిగి వ్రాసికొనువారు లేక, ఆయన పదవీవిరమణ చేసినపుడు ఆయనతోనే పోవుచున్నది. ఇది నన్ను మిక్కిలి బాధించు విషయము.

రహదారి విషయముననైనను పరదేశపు నమూనా మనకు నేరుగ సరిపడదు. అక్కడి సిద్ధాంతములు ఒక కారు వెనుక మరియొక కారు వరుసలో పోవుననుకొని నిర్మించినవి. విశాఖలో మద్దిలపాలెము కూడలివద్ద ఎఱ్ఱదీపము వెలిగినపుడు నిలుచుండి చూడుడు. బస్సులకును కార్లకును నడుమనున్న సందులలోనుండి మోటారు సైకిళ్ళు ఒక్కొక్కటిగా ముందుకు జారి, గీత దాటి, చేతివెడల్పు ఖాళీ లేకుండ నిండును. ఆటోలు ప్రక్కనుండి ముక్కు దూర్చును. పచ్చదీపము పడిన మొదటి సెకండ్లలో ఆ ద్విచక్రసమూహమంతయు ఒక్క ఉరుకున దాటిపోవును. ఆ పిమ్మటనే బస్సు బరువుగా కదలును. కనుక మన కూడలియందు ప్రవాహము ప్రారంభమున అధికమై పోనుపోను తగ్గును, పుస్తకములలోవలె సమముగా నుండదు. మోటారు సైకిలును కారులో ఇంత భాగమని లెక్కకట్టి ముగించినచో ఈ సంగతి మరుగుపడిపోవును. తరలింపు దినమున అదే మోటారు సైకిలుపై భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక మూట ఉండును. దాని వేగము వేరు, ఎదురుగాలిలో దాని నిలకడ వేరు.

తుపానునకు రెండు మూడు దినముల వ్యవధి యుండును, విషవాయువునకు నిమిషములే. 1984 డిసెంబరున భోపాలులో విషవాయువు వెలువడినపుడు పరుగెత్తినవారు పరుగువలననే ఎక్కువ గాలిని పీల్చిరి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖవద్ద ఆర్.ఆర్. వెంకటాపురమున రసాయన కర్మాగారమునుండి స్టైరీను వాయువు వెలువడినపుడు సైరను మ్రోగలేదు. జనము నిదురనుండి లేచి, గాలి ఎటు వీచుచున్నదో తెలియక, ఎటు తోచిన అటు పరుగిడి, దారిలోనే పడిపోయిరి. ఇట్టిచోట నమూనా మొట్టమొదట చెప్పవలసినది ఏ దారిని పోవలెననునది కాదు, పోవలెనా, తలుపులు మూసి తడిగుడ్డ ముక్కునకు అడ్డుపెట్టుకొని ఉండిపోవలెనా అనునది. అందులకు గాలి లెక్కయు దారి లెక్కయు ఒకేచోట నడువవలెను. నేడు అవి రెండు శాఖలవారి చేతులలో రెండుగా నున్నవి.

కావున ఈ సభాముఖమున నేను కోరునది ఇది. విశాఖపట్నమునకు, నిత్యదీపక్రమమును ఆపత్కాలపు తరలింపును ఒక్కటిగా భరింపగల నమూనా ఒకటి మన విశ్వవిద్యాలయముల యువపరిశోధకులు నిర్మింపవలెను. కొండలకును సముద్రమునకును నడుమ ఇరుకున పెరిగి, ఒక్క జాతీయరహదారిపై అధికముగ ఆధారపడిన ఆ నగరముకంటె దీనికి తగిన చోటు లేదు. పేటపేటకును వాహనము లేని ఇండ్లు ఎన్ని, మంచము దిగలేనివారెందరు, రాత్రి రెండు గంటలకు ఆర్టీసీ బస్సులు ఏ డిపోలో నుండును, వాని డ్రైవర్లు ఎంత దూరమున నిదురించుచుందురు అనునవి మొదట సేకరింపవలెను. మద్దిలపాలెము, హనుమంతవాక కూడలులయందు పచ్చదీపపు ప్రవాహమును సెకండు సెకండునకు కొలువవలెను. ఇది కళాశాల విద్యార్థులు ఒక వీడియో కెమెరాతో చేయగలిగిన పని. తుపానులు అక్టోబరు, నవంబరు మాసములందు అధికముగ వచ్చును గనుక మొదటి ఫలితములు శ్రావణమాసమునాటికే సిద్ధము కావలెను. నమూనాయందు మనము చేసిన ఊహలన్నియు తెలుగున వ్రాసి, కూడలిలో నిలుచు ట్రాఫిక్ కానిస్టేబుళ్ళకు, డిపో అధికారులకు, జాలరిపేటల పెద్దలకు చదివి వినిపింపవలెను. ఇది ఇట్లు జరుగదని వారు చెప్పినచోట గుర్తుపెట్టుకొని, మరల లెక్కింపవలెను.