ఎర్తు గుంతకు చెంబెడు నీళ్లు



కరెంటును గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇది మెకానిక్కులకే గాక, ఇల్లు నడిపే ప్రతివారికీ కావలసిన విషయం.

కరెంటు ఎప్పుడూ ఒక చుట్టు తిరగాలి. ట్రాన్స్‌ఫార్మరు నుండి ఫేజు తీగలో వచ్చి, బల్బులోనో ఫ్యానులోనో పనిచేసి, న్యూట్రల్ తీగలో తిరిగిపోతుంది. ఈ చుట్టునే సర్క్యూట్ అంటారు. దారిలో దానికి కలిగే అడ్డే నిరోధం. దాన్ని ఓముల్లో కొలుస్తారు. జర్మనీ దేశస్థుడు జార్జి ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం తేలికైనదే: వోల్టులను ఓములతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి.

ఇక మన ఇళ్ల సంగతి. కర్నూలు, కడప ఎండలకు కూలరు పెట్టక తప్పదు. ఇనుప కూలరు లోపల ఫేజు తీగ తొడుగు చిరిగి రేకుకు తగిలిందనుకోండి. ఎర్తు దారిలో నిరోధం 5 ఓములుంటే, 230 వోల్టులకు 46 ఆంపియర్లు పారి ఫ్యూజు వెంటనే కాలిపోతుంది. గండం తప్పుతుంది. అదే 100 ఓములైతే పారేది 2.3 ఆంపియర్లే. 5 ఆంపియర్ల ఫ్యూజు చెక్కుచెదరదు. కూలరు తిరుగుతూనే ఉంటుంది, రేకులో కరెంటు కాచుకొని ఉంటుంది. తడి బండల మీద వట్టి కాళ్లతో నిలబడి నీళ్లు పోసే తల్లి చెయ్యి దానికి తగిలితే? తడిసిన శరీరపు నిరోధం వెయ్యి ఓముల దాకా పడిపోతుంది. అంటే 0.23 ఆంపియరు. ప్రాణం తీయడానికి అందులో సగం చాలు.

నిరోధం ఎందుకు పెరుగుతుంది? నేల ఎండినందువల్ల. తేమ మట్టి కరెంటును మోసినట్లు ఎండు మట్టి మోయలేదు. మనది గరుసు నేల, రాతి నేల. కూలరు పెట్టే నెలలే గుంత ఎండే నెలలు! కూలరుకు బిందెలు పోస్తాం, ఎర్తు గుంతకు చెంబెడు పోయం.

కాబట్టి గుంతలో పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు వేయించి, ఎండాకాలమంతా నీళ్లు పోయండి. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్నుకు ఎర్తు తీగ ఉన్నదో లేదో చూపించుకోండి. ఫ్యూజులో లావు తీగ చుట్టవద్దు. ప్లగ్గు తీసిన తర్వాతనే కూలరులో నీళ్లు పోయండి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపే స్విచ్చి బజారులో దొరుకుతుంది, పెట్టించుకోండి. ఎవరికైనా షాకు తగిలితే ముందు మెయిన్ ఆపండి, ఆ తర్వాతే మనిషిని పట్టుకోండి.

నీళ్లు కరువైన సీమ మనది. అయినా ఎర్తు గుంతలో పోసిన నీళ్లు దండుగ కావు. సెలవు.