ఎందుకని అడిగే అమ్మలక్కలు

నర్సింగ్ పట్టా అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

ఇన్నేళ్లూ గర్భిణికి, బాలింతకు ఏం చెప్పాలో నేర్చుకున్నారు. వాళ్లు తమలో తాము మాట్లాడుకుంటే ఏమవుతుందో ఈ పూట చెబుతాను.

2005లో జార్ఖండ్, ఒడిశాల్లోని మూడు జిల్లాల్లో, ఎక్కువగా ఆదివాసీ పల్లెల్లో, ఏక్‌జుట్ అనే సంస్థ ఆడవాళ్లను నెలనెలా సమావేశపరచడం మొదలుపెట్టింది. సమావేశం నడిపేది డాక్టరో నర్సో కాదు, ఆ ప్రాంతపు మహిళే. బొమ్మల కార్డులు పరిచి కథ చెబుతుంది. ఆ కథ మీద ‘ఎందుకు’ అని అడిగే ఆట ఇలా సాగుతుంది: పసికందు పోయింది. ఎందుకు? బొడ్డుకు చీము పట్టింది. ఎందుకు? కోసిన బ్లేడు శుభ్రంగా లేదు. ఎందుకు? కొత్తది తెచ్చిపెట్టుకోలేదు. ఎందుకు? నొప్పులొచ్చేదాకా ఎవరికీ తోచలేదు. అయితే మనమేం చేద్దాం అన్న మాట అప్పుడు వాళ్ల నోటే వస్తుంది.

ఫలితాలు 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఇలా కలిసే మహిళా బృందాలు లేని ఊళ్లతో పోలిస్తే మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 32 శాతం తక్కువ. ఆసుపత్రికి వెళ్లేవారు పెద్దగా పెరగలేదు. మారింది ఇంట్లో పద్ధతి: పురుడు పోసేవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కున్నారు, బొడ్డుకు మరిగించిన దారం కట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఇలాంటి బృందాలను సిఫారసు చేసింది.

అలాగని ఆసుపత్రి అక్కర్లేదనుకోకండి. రక్తస్రావం ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా మాటలతో ప్రాణం నిలవదు. ఆ రాత్రి ఆటో ఎవరిది, తోడు ఎవరు వెళ్లాలి అన్నది మాత్రం ముందే తేల్చుకోగలిగేది ఊరివాళ్లే.

మన ఊళ్లలో పొదుపు సంఘాలు ఎలాగూ కూర్చుంటున్నాయి. ఆసుపత్రి కాన్పు తర్వాత 3వ రోజు నుంచి 42వ రోజు వరకు ఆరుసార్లు ఇంటికెళ్లి బిడ్డను చూసే ఆశా అక్క ఉంది. ఎక్కడ పోస్టింగ్ వచ్చినా ఆమెను వెంటబెట్టుకుని అక్కడి పొదుపు సంఘానికి వెళ్లండి. కిస్తీల లెక్క తేలాక ఓ అరగంట సమయం అడగండి. చాప మీదే కూర్చోండి. ఉపన్యాసం వద్దు. ఎందుకని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. వాళ్లేం తీర్మానించుకున్నారో రాసుకుని, అది జరిగిందా లేదా అని మరుసటి నెల మళ్లీ వెళ్లి అడగండి.

మీ చేతి మీదుగా వెయ్యి పురుళ్లు చల్లగా జరగాలి. శుభం.