ఫ్రెంచి చదువు – మన పిల్లలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కోదాడ, మిర్యాలగూడల నుండి శ్రమపడి వచ్చినవారికి మా కృతజ్ఞతలు. మేళ్లచెరువులో ఫ్రెంచి యేమిటని కొందరు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. ఇంటర్‌లో మార్కుల కోసం ఫ్రెంచి తీసుకునే పిల్లలు మన జిల్లాలోనూ ఉన్నారు. మార్కులు వస్తాయి, మాట రాదు.

హైదరాబాదులో 1908లో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాగారు ఉస్మానియాలో చదివి, జర్మనీలోని బాన్‌లోను, పారిస్‌లోని సోర్బాన్‌లోను డాక్టరేట్లు పొందారు. దశాబ్దాల తరబడి పారిస్‌లోనే ఉన్నారు. 1959లో ఖుర్ఆన్‌కు వారి ఫ్రెంచి అనువాదం వెలువడింది. మనవాళ్లకు ఆ భాష అందదనే మాట అప్పుడే పోయింది.

అసలు ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఒక సౌకర్యముంది. ఫ్రెంచివారి 'ర' మన ర కాదు, గొంతులో నుండి వస్తుంది. 'గరీబ్' అన్న మాటలో గైన్ అక్షరాన్ని సరిగా పలికే పిల్లకు అది సగం వచ్చినట్లే. 'హాఁ', 'మైఁ' అని ముక్కుతో పలికే నూన్ గున్నా వంటి ధ్వనులు అక్కడ అడుగడుగునా ఉన్నాయి. వస్తువులకు ఆడ మగ భేదం కూడా ఉంది. కాకపోతే కితాబ్ మనకు స్త్రీలింగం, వారి 'లీవ్ర్' పుంలింగం! 'తుమ్, ఆప్' లాగే 'త్యు, వూ' ఉన్నాయి. నువ్వు, మీరు అనే తెలుగు పిల్లలకూ ఇది కొత్త కాదు.

ఇక ఆన్‌లైన్ చదువు. ఏ-1, ఏ-2, బి-1, బి-2 అని మెట్లుంటాయి. డెల్ఫ్ పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, ఒక్కొక్కదానికి 25 మార్కులు. మొత్తం 50 రావాలి, దేనిలోనూ 5కు తగ్గరాదు. సెల్‌ఫోను యాప్ మాటలు నేర్పుతుంది గాని ఆ చివరి 25 మార్కులకు ఎదుట మనిషి ఉండాలి. వారానికి రెండుసార్లయినా తప్పులు దిద్దే గురువున్న తరగతి చూసుకోండి. హైదరాబాదులో అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, అక్కడ విచారించండి.

"ముందు పంపండి, భాష అక్కడే వస్తుంది" అనే ఏజెంట్లున్నారు. జాగ్రత్త! ఫ్రెంచిలో డిగ్రీ చదవాలంటే సాధారణంగా బి-2 అడుగుతారు. 2019లో యూరప్ బయటి విద్యార్థులకు అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఫీజు పెంచి డిగ్రీకి ఏడాదికి 2,770 యూరోలు, పీజీకి 3,770 యూరోలు చేశారు. తరువాత ఇంకొంత పెరిగింది. తిండి, గది వేరే. బి-1 అయినా ఇక్కడ పూర్తికాక మునుపే ఎకరం బేరం పెట్టకండి.

కొన్నాళ్లు వెళ్లి ఫ్రెంచి కుటుంబంలో ఉండి నేర్చుకునే పద్ధతి ఉంది. భాషా పాఠశాలలే ఇల్లు చూపిస్తాయి. డబ్బు కట్టి ఉండడమే, ఎవరి దయా కాదు. 90 రోజుల లోపు కోర్సుకు షెంజెన్ వీసా చాలు. ఆడపిల్లను ఎవరింట్లో ఉంచుతారని తల్లులు అడుగుతారు, అడగవలసిందే. ఆ ఇంట్లో ఎవరెవరున్నారు, గదికి గడియ ఉందా, బడి ఎంత దూరం, అన్నీ ముందే రాయించుకోండి. పంది మాంసం కూడదని, కూరలో వైన్ కూడా పోయరాదని స్పష్టంగా చెప్పండి. హలాల్ దుకాణాలు పెద్ద పట్టణాలలో దొరుకుతాయి. జూన్‌లో పారిస్‌లో మగ్రిబ్ రాత్రి పది దగ్గర పడుతుంది, అంటే వారి భోజనం అయిన తరువాతే నమాజు. ఆ భోజనాల బల్ల దగ్గర కబుర్లే అసలు పాఠం. పిల్ల తిని లేచిపోయి, తలుపేసుకుని, వీడియోలో అమ్మీతో తెలుగులో మాట్లాడుతూ కూర్చుంటే కట్టిన డబ్బు వృథా. వారానికి రెండుసార్లు ఫోను చాలునని తల్లులకు మా మనవి.

ఆన్‌లైన్ తరగతికి ఇంట్లో చోటు లేని పిల్లలకు ఆదివారం అసర్ తరువాత సొసైటీ హాలు ఇవ్వవలసిందిగా కమిటీవారిని కోరుతున్నాము. ఆసక్తిగల పిల్లలు, తెలుగు ఇళ్లవారైనా సరే, తమ పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వండి.